సీనరీ ముందు నిలబడి

పోయిన నెల ఈ పేజీలో నేను తీసిన ఫోటో ఒకటి వేశారు, కాలిఫోర్నియాలో యోసెమిటీ అనే కొండల లోయది. టనెల్ వ్యూ అనే చోట నిలబడితే ఎడమ పక్క ఎల్ కాపిటాన్ కొండ, కుడి పక్క జలపాతం, మధ్యలో దూరంగా హాఫ్ డోమ్ కొండ కనిపిస్తాయే, వచ్చినవాళ్ళందరూ తీసే ఆ ఫోటోనే. దాని కింద “నిడదవోలులో మా నాన్న స్టూడియో తెర మీద ఉన్న కొండలివి” అని ఒక్క ముక్క రాశాను. ఆ ముక్క పట్టుకుని చాలా ఉత్తరాలు వచ్చాయి. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు. ఒకరిది వేసి ఒకరిది మానడమెందుకని అందరివీ తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేడమ్, మొన్న వేసవిలో అరిజోనాలో యాంటెలోప్ క్యాన్యన్ అనే సన్నటి లోయకి వెళ్ళాం. నలుగురికీ టికెట్లు, హోటలు, కారు అద్దె కలిపి బాగానే వదిలింది. నెట్‌లో చూసిన ఫోటోల్లో గోడలు నిప్పుల్లా ఎర్రగా, కొన్నిచోట్ల ఊదాగా ఉన్నాయి. మా ఫోటోల్లో మట్టిగోడల్లా పడ్డాయి. మా ఆయన ఫోన్ మార్చాలంటున్నారు. తప్పు ఫోన్‌దా, నాదా? (డాలస్)

జవాబు: ఫోన్ మార్చకండమ్మా. మీ ఆయనకి కొత్త ఫోన్ మీద మనసు పడినట్టుంది, క్యాన్యన్‌ని సాకు చేసుకుంటున్నారు.

ఆ గోడలు ఇసుకరాయి. మామూలు ఎండలో చూస్తే మన ఇటుక రంగే. పైన సన్నటి చీలికలోంచి దిగిన ఎండ ఒక గోడ మీద పడి, అక్కడినుంచి ఎదుటి గోడకి తగిలి, మళ్ళీ ఇటు పడుతూ కిందికి వస్తుంది. తగిలినప్పుడల్లా కాస్త రంగు అంటించుకుంటుంది. మన ఫోన్ ఏమో ఈ ఎరుపు ఎక్కువైంది, ఏదో తేడా కొట్టింది అనుకుని దాన్ని తగ్గించేస్తుంది. పెళ్ళి పందిట్లో పసుపు బల్బుల కింద మొహాలు పచ్చగా పడకుండా కాపాడేదీ ఆ తెలివే. ఇక్కడికొచ్చేసరికి అదే కొంప ముంచింది. వైట్ బ్యాలెన్స్ అనే సెట్టింగుని ఆటోలోంచి తీసి ‘క్లౌడీ’ మీద పెడితే మీరు కోరుకున్న రంగు చాలావరకు వస్తుంది. మిగతాది ఆ నెట్ ఫోటోలు తీసినవాళ్ళు ఇంటికెళ్ళి కంప్యూటర్లో పూసింది.

అది నవాహో తెగవాళ్ళ భూమి, వాళ్ళ గైడ్ లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. నేను వెళ్ళినప్పుడు మా గైడే అందరి ఫోన్లూ తీసుకుని సెట్టింగులు మార్చి ఇచ్చింది. పైనుంచి పడే ఎండ కిరణం కంటికి ఆనాలని ఇసుక కూడా ఎగజల్లింది. ఆ కిరణం ఫోటో మా హాల్లో గోడకుంది. చూసినవాళ్ళు దేవుడు దిగొచ్చినట్టుందంటారు. నాకు మాత్రం ఆ ఇసుక ముక్కులోకి పోయి ఆవిడ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మడమే గుర్తొస్తుంది.

ఇదంతా మోసం కదా అని మీరు అడగలేదు గానీ, మీ ఉత్తరంలో ఆ బాధ కనబడింది. మా నాన్న స్టూడియోలో పెళ్ళిచూపుల ఫోటోలకి గిరాకీ ఎక్కువ. అమ్మాయి మొహం మీద మొటిమలుంటే నాన్న నెగెటివ్‌ని వెలుతురుకి అడ్డం పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కొక్కటీ పూడ్చేసేవారు. ముక్కు మాత్రం మార్చేవారు కాదు. “మొటిమ రేపు పోతుంది, ముక్కు పోదు కదా” అనేవారు. అమెరికా కొండల ఫోటోలంటే ఇప్పటికీ అందరూ చెప్పే పేరు ఆన్సెల్ ఆడమ్స్. ఆయన 1944లో లోన్ పైన్ అనే ఊరి దగ్గర మంచుకొండల మీద సూర్యోదయం తీశారు. అక్కడి హైస్కూలు పిల్లలు కొండవాలు మీద తెల్లసున్నంతో ఊరి పేరులోని రెండు అక్షరాలు పెద్దగా వేసి పెట్టారు. ఆడమ్స్ నెగెటివ్‌లో ఆ అక్షరాలు లేకుండా చేసేశారు. మొటిమలన్నమాట.

అంతకుముందు 1927లో, పాతికేళ్ళ వయసులో, బరువైన కెమెరా మోసుకుని హాఫ్ డోమ్ ఎదురుగా ఎక్కారు. చివరికి రెండే గాజు ప్లేట్లు మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టర్ పెట్టి తీశాక, ఆకాశం తేలిపోతుంది, తన మనసులో ఉన్న కొండ ఇది కాదు అనిపించింది. రెండోదానికి ముదురు ఎర్ర ఫిల్టర్ పెట్టారు. ఎరుపు నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి పట్టపగటి ఆకాశం నల్లగా పడింది. ఆ నలుపు యోసెమిటీలో ఏ రోజూ లేదు. అయినా ఆ ఫోటోతోనే ఆయన ఆయనయ్యారు.

నా లెక్కలో అమెరికా పెద్ద సీనరీలన్నీ పెళ్ళిచూపుల ఫోటోలే. 1861లో కార్లటన్ వాట్కిన్స్ అనే ఆయన 18 అంగుళాలకి 22 అంగుళాల గాజు పలకలు, రసాయనాల సీసాలు, చీకటి డేరా అన్నీ కంచరగాడిదల మీద వేసుకుని యోసెమిటీ వెళ్ళి ఫోటోలు తీశారు. అవి తూర్పు తీరం దాకా చేరాయి. 1864లో ఆ లోయని కాపాడమని కాలిఫోర్నియాకి అప్పగిస్తూ లింకన్ సంతకం పెట్టడం వెనక ఆ ఫోటోల పాత్ర ఉందని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. లింకన్ జన్మలో కాలిఫోర్నియాలో అడుగు పెట్టలేదు. ఫోటో చూసి ఖాయం చేసిన సంబంధం అది. మీరేమో పిల్లని నేరుగా, తెల్లారి, జడ వేసుకోకముందు చూసొచ్చారు. మీ మట్టిగోడల ఫోటోలు పారేయకండి.

ప్రశ్న: మీరు మొట్టమొదట చూసిన అమెరికా సీనరీ ఏది మేడమ్? (గుంటూరు, ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: గ్రాండ్ క్యాన్యన్. ఏడేళ్ళప్పుడు, వ్యూమాస్టర్లో. కళ్ళకి ఆనించుకుని పక్కనున్న మీట నొక్కితే చక్రం తిరిగి బొమ్మ మారేది. చక్రానికి ఏడు బొమ్మలు. స్టూడియోలో చంటిపిల్లలు ఏడవకుండా కూర్చోవడానికి నాన్న దాన్ని కొన్నారు. చక్రాలు మూడే ఉండేవి కాబట్టి ఊళ్ళో మా ఈడు పిల్లలందరికీ గ్రాండ్ క్యాన్యన్ కంఠతా వచ్చు. నాలుగో బొమ్మలో అంచు మీద ఎర్రచొక్కా మనిషి ఒకడుండేవాడు. వాడు ఎప్పటికైనా పడిపోతాడని మాకు గట్టి నమ్మకం. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ యంత్రం ఆలోచన విలియం గ్రూబర్ అనే ఆయనది. జర్మనీ నుంచి ఆరెగన్‌కి వలస వచ్చి పియానోలు శ్రుతి చేసుకు బతికేవాడు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. అంటే నిడదవోలు పిల్లలకి అమెరికా చూపించినవాడూ బయటినుంచి వచ్చినవాడే.

మీ అన్నల, అక్కల వయసువాళ్ళని అడిగితే వేరే జవాబొస్తుంది. వాళ్ళు మొదట చూసినది, ఆ సంగతి వాళ్ళకి తెలియకుండానే, కంప్యూటర్ సెంటర్లలో విండోస్ ఎక్స్‌పీ తెర మీది పచ్చటి గుట్ట. అమీర్‌పేటలో ఒక్కో గదిలో ముప్ఫై గుట్టలు వరసగా వెలుగుతుండేవి. చాలామంది దాన్ని స్విట్జర్లాండ్ అనుకున్నారు, కంప్యూటర్లో గీసిందనీ అనుకున్నారు. అది కాలిఫోర్నియాలో సొనోమా ప్రాంతం. 1996 జనవరిలో చార్లెస్ ఓ’రియర్ అనే ఫోటోగ్రాఫర్ తన స్నేహితురాలిని చూడ్డానికి కారులో వెళుతూ, వాన వెలిసిన వెలుతురు చూసి, రోడ్డు పక్కన ఆపి ఫిల్మ్ మీద తీశారు. అక్కడ ఉండాల్సింది ద్రాక్షతోట. తీగలకి పురుగు పట్టి పీకేయడంతో ఆ ఏడు గడ్డి మొలిచింది. తోట జబ్బు పడకపోతే ఆ ఫోటో లేదు.

మా ఇంటికి గంటన్నర దూరమే కదా అని ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళాం. గుట్ట నిండా మళ్ళీ ద్రాక్ష. రోడ్డంతా కార్లు, ఆపే చోటు లేదు. మావారు స్టీరింగ్ వదలకుండానే ఓసారి అటు చూసి “దీనికా పెట్రోలు?” అన్నారు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా వెళ్ళి రెండేళ్ళయింది. వారం వారం ఫోటోలు పంపుతాడు. కొండలు, చెరువులు, మంచు, ఎర్రటి ఆకులు. ఒక్కదాంట్లోనూ వాడు లేడు. నీ ఫోటో పంపరా అంటే ‘ఇది చూడమ్మా, ఎంత బాగుందో’ అని ఇంకో చెరువు పంపుతాడు. వాడు బాగానే ఉన్నాడంటారా? (విజయవాడ, ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి సంగతి నాకు తెలియదు. నా సంగతి చెబుతాను.

నేను 1999 ఫిబ్రవరిలో శాక్రమెంటో వచ్చాను. మావారి వీసా మీద వచ్చిన భార్యని. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. 2015లో కొందరికి ఆ నిబంధన సడలించారు గానీ అప్పటికి నా పదహారేళ్ళు గడిచిపోయాయి. పొద్దున్న ఏడింటికి ఆయన కారు తీసుకుని వెళితే సాయంత్రం ఆరు దాకా నేనూ, నాన్న ఇచ్చి పంపిన పాత యాషికా కెమెరా. రోలుకి పన్నెండు ఫోటోలు. మా అపార్టుమెంటు వెనక నది ఉంది. దాని పేరే అమెరికన్ నది. గట్టు మీద నడుస్తూ వారానికి ఒక రోలు తీసేదాన్ని. చలికాలం అక్కడ నేలబారున పొగమంచు పడుతుంది, చెట్లు మొదళ్ళు లేకుండా గాల్లో నిలబడినట్టుంటాయి. బాగా వచ్చినవి నాలుగు ఏరి కవర్లో పెట్టి ఇంటికి పంపేదాన్ని.

నేను వాటిలో లేకపోవడానికి మొదటి కారణం, తీసేవాళ్ళు లేరు. రెండోది, నా కోటు. పాతబట్టల కొట్లో నాలుగు డాలర్లకి కొన్న మగవాళ్ళ కోటు. బొత్తాలు అటువైపు ఉంటాయి. అమ్మ చూస్తే ఇట్టే పట్టేస్తుంది. కొండకీ చెట్టుకీ ఆ గొడవ లేదు. అవి ఎప్పుడూ మంచి బట్టల్లోనే ఉంటాయి.

ఆ ఏడు మార్చిలోనో ఏప్రిల్లోనో నాన్న ఉత్తరం రాశారు. “ఫోటోలు ముట్టాయి. మూడోదాంట్లో ఎడమ పక్క గడ్డి మీద నీ నీడ పడింది. మీ అమ్మ అది చూసి, పిల్ల చిక్కిపోయింది, తినడం లేదు అంటోంది. సాయంత్రం ఎండకి ఎవరి నీడైనా సన్నగా, పొడుగ్గానే పడుతుందని చెప్పాను. నమ్మలేదు. మధ్యాహ్నం తీసినది ఒకటి పంపు.”

కాబట్టి ముందు ఆ ఫోటోల అడుగు భాగం చూడండమ్మా. నీడ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కారు అద్దంలోనో, షాపు గాజు తలుపులోనో ఫోన్ పట్టుకున్న చెయ్యి దొరుకుతుంది. ఇంకోటి, ‘నీ ఫోటో పంపు’ అనకండి, బిగుసుకుపోతాడు. ‘ఆ చెరువు ఫోటో తీశావే, అక్కడే నిలబడి వెనక్కి తిరిగి ఇంకోటి తియ్యి’ అనండి. ఏ సీనరీకైనా వెనక ఉండేది పార్కింగే. అక్కడ వాడి కారుంటుంది, డిక్కీ మీద పులిహోర డబ్బా ఉంటుంది, వెంట వచ్చిన స్నేహితులుంటారు. ఎవరూ లేకపోతే అదీ తెలుస్తుంది. అప్పుడు ఫోటోల మాట పక్కన పెట్టి ఫోన్ చేసి మాట్లాడండి.

ప్రశ్న: మా గండికోట ముందు మీ గ్రాండ్ క్యాన్యన్ ఎంత? మనవాళ్ళకి ఇక్కడివి కనబడవు, సముద్రాలు దాటి వెళ్ళి రాళ్ళకి దణ్ణాలు పెడతారు. (ప్రొద్దుటూరు, విశ్రాంత ఉపాధ్యాయులు)

జవాబు: మాస్టారూ, ‘ఎంత’ అని అడిగారు కాబట్టి: పొడవు దాదాపు 446 కిలోమీటర్లు, లోతు మైలు పైచిలుకు. కొలతల్లో పోటీ పెట్టకండి, ఓడిపోతాం. అసలు పోటీ ఎందుకు? నాకు ఒళ్ళు మండేది గండికోట దగ్గర దిగి ‘ఇండియన్ గ్రాండ్ క్యాన్యన్’ అని ఫోటో కింద రాసేవాళ్ళని చూస్తే. పెన్నకి ఆ పేరు అవసరమా? మా వ్యూమాస్టర్ నుంచి మొదలుపెట్టి ఆ క్యాన్యన్ ఫోటోలు ఊరూరా తిరిగాయి, గండికోటవి తిరగలేదు, అంతే. గ్రాండ్ క్యాన్యన్ అంచున కోట లేదు, మాధవరాయస్వామి గుడి లేదు, మసీదు లేదు, ధాన్యం కొట్టూ లేదు. కానీ అక్కడా మనుషులున్నారు. కింద వాగుపక్కన హవసుపాయి తెగ ఊరు ఈనాటికీ ఉంది. పోస్టుకార్డులో పట్టలేదంతే.

మీ ఊరి నుంచి గండికోట అంత దగ్గర. మీరు తీసిన ఫోటో ఒక్కటీ జత చేయలేదే?

ప్రశ్న: ఆ పాత కొండల ఫోటోలు తీసినవాళ్ళంతా అక్కడ పుట్టిన తెల్లవాళ్ళేనా? బయటినుంచి వచ్చినవాళ్ళకి ఆ దేశం వేరేగా కనబడదా? (హైదరాబాద్)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఈ నెల పేజీ రాయాలనిపించింది.

బయటివాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. వాట్కిన్స్ తర్వాత యోసెమిటీని అంత పెద్ద పలకల మీద తీసిన మైబ్రిడ్జ్ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన రాబర్ట్ ఫ్రాంక్ 1955లో పాత కారులో దేశమంతా తిరిగి కొండలు వదిలేసి బస్సులు, హోటలు బల్లలు, జెండాలు, ఖాళీ రోడ్లు తీశాడు. చాలామందికి అప్పట్లో కోపం వచ్చింది. పెళ్ళికూతురి మొటిమలు పూడ్చకుండా చూపించాడు కదా.

నాకు ఇష్టమైనవాడు జార్జ్ మాసా. జపాన్ నుంచి వచ్చి, 1915లో నార్త్ కరోలినాలో ఆష్‌విల్ అనే ఊరు చేరి, ఒక పెద్ద హోటల్లో బట్టలు ఉతికే విభాగంలో పనికి కుదిరాడు. తర్వాత ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. సెలవు దొరికితే స్మోకీ కొండల్లోకి. సైకిల్ చక్రం ఒకటి పిడికి బిగించి, దానికి దూరం కొలిచే మీటర్ తగిలించి, దాన్ని తోసుకుంటూ కొండదారులన్నీ కొలిచాడు. ఆ కొండల్ని నేషనల్ పార్కు చేయాలని పోరాడినవాళ్ళకి ఆయన ఫోటోలు, కొలతలు ఆయుధాలయ్యాయి. 1933లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా చనిపోయాడు. మరుసటి ఏడాది పార్కు వచ్చింది. 1961లో అక్కడ ఒక శిఖరానికి ఆయన పేరు పెట్టారు. బతికుండగా ఆయనకి అమెరికా పౌరసత్వం వచ్చే దారి లేదు, జపాన్ నుంచి వచ్చినవాళ్ళకి 1952 దాకా చట్టం ఒప్పుకోలేదు. మనవాళ్ళకి 1946 దాకా అదే గతి.

ఇక రెండో కథ. లోన్ పైన్ దగ్గర ఆడమ్స్ అక్షరాలు చెరిపిన ఫోటో గురించి పైన చెప్పాను. ఆ ఊరికి పది మైళ్ళ దూరంలో మాంజనార్ ఉంది. యుద్ధంలో, 1942 నుంచి, జపాన్ మూలాలున్నవాళ్ళని పదివేల మందిని అక్కడ ముళ్ళకంచె వెనక పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టినవాళ్ళు. లాస్ ఏంజిలస్‌లో స్టూడియో నడుపుకునే తోయో మియాతాకే అనే జపాన్ ఆయన్ని కూడా భార్యాపిల్లలతో తీసుకెళ్ళి పెట్టారు. కెమెరాలు నిషేధం. ఆయన ఒక లెన్సు, ఒక ఫిల్మ్ హోల్డర్ సామాన్లలో దాచి తెచ్చుకున్నాడు. లోపలే ఒక వడ్రంగి చెక్కపెట్టె చేసి ఇచ్చాడు. కెమెరా అయింది. చివరికి అధికారులకి తెలిసింది, కొన్నాళ్ళకి తీయడానికి ఒప్పుకున్నారు కూడా, కానీ ఒక షరతు: అన్నీ ఆయన సిద్ధం చేయాలి, మీట మాత్రం తెల్లవాడు నొక్కాలి. మా నాన్నకి ఈ సంగతి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “నొక్కేవాడికి జీతం ఎంత?” అని అడిగారు.

ఆడమ్స్ కూడా మాంజనార్ వెళ్ళారు. 1943, 44లో అక్కడి మనుషుల మొహాలు దగ్గరగా, గౌరవంగా తీశారు, పుస్తకం వేశారు, దానికి తిట్లు కూడా తిన్నారు. అది చెప్పకపోతే అన్యాయం. అయితే అక్కడినుంచి తీసినవాటిలో పేరు మోసింది ఇంకో ఫోటో. ముందంతా గుండ్రటి బండలు, వెనక మౌంట్ విలియమ్సన్, మబ్బుల్లోంచి వెలుగు. అందులో కంచె లేదు, ఒక్క మనిషి లేడు.

నేను 395వ నంబరు రోడ్డు మీద వెళుతూ మాంజనార్లో ఆగాను. మళ్ళీ కట్టి పెట్టిన కాపలా బురుజు, రెండు మూడు రేకుల పాకల్లాంటి ఇళ్ళు, బతికి ఉన్న పండ్ల చెట్లు కొన్ని. విపరీతమైన గాలి. పళ్ళ కింద ఇసుక కరకరలాడింది. రెండు గంటలుండి యాభై దాకా ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకుంటే, బాగా వచ్చినవన్నీ మంచుకొండలు. బురుజు ఉన్నవి నాలుగే, వాటిలో రెండింట్లో బురుజు ఒక పక్కకి తెగిపోయి ఉంది. ఎవరూ చెరపమనలేదు. నా చెయ్యే అలవాటుగా పక్కకి జరిగింది. బయటినుంచి వచ్చినవాళ్ళకి వేరేగా కనబడదా అని మీరు అడిగితే నాకు ఆ యాభై ఫోటోలు గుర్తొచ్చాయి.

ప్రశ్న: యోసెమిటీలో జలపాతం నిప్పులా కనిపించేది ఎప్పుడు? (శాన్ హోసే)

జవాబు: ఫిబ్రవరి రెండో సగం. హార్స్‌టెయిల్ ఫాల్, ఎల్ కాపిటాన్ తూర్పు అంచున. సూర్యాస్తమయానికి ముందు ఓ పది నిమిషాలు. నీళ్ళుండాలి, పడమర మబ్బు ఉండకూడదు. నేను మూడుసార్లు వెళ్ళాను, ఒక్కసారి దొరికింది. వెళ్ళేముందు పార్కువాళ్ళు ఆ ఏడు పెట్టిన నిబంధనలు చూసుకోండి. డ్రోన్ తీసుకెళ్ళకండి, నేషనల్ పార్కుల్లో ఎగరేయనివ్వరు. 1968 దాకా అదే లోయలో గ్లేసియర్ పాయింట్ అనే కొండకొమ్ము మీదనుంచి వేసవి రాత్రుల్లో నిజం నిప్పులే కిందికి తోసేవారు, జనం చప్పట్లు కొట్టేవారు. దానికంటే ఇది నయం.

ప్రశ్న: అక్కా, మే నెలలో అమ్మానాన్న వస్తున్నారు. గ్రాండ్ క్యాన్యన్ తీసుకెళుతున్నాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. అక్కడ ఇద్దరినీ నిలబెట్టి తీసిన ఫోటో పెద్దది చేయించి రాజాంలో ఇంట్లో పెట్టుకోవాలని ఆయన కోరిక. ఎలా తీయాలి? (న్యూజెర్సీ)

జవాబు: తమ్ముడూ, సౌత్ రిమ్ వైపు వెళ్ళు. మాథర్ పాయింట్ పార్కింగుకి దగ్గర, నాన్నగారు ఎక్కువ నడవక్కర్లేదు. మధ్యాహ్నం వద్దు, నడినెత్తి ఎండకి లోయ బల్లపరుపుగా పడుతుంది, కళ్ళ కింద నల్లగా గుంటలు పడతాయి. సూర్యాస్తమయానికి గంట ముందు చూసుకో. ఆ చోటు సముద్రమట్టానికి ఏడువేల అడుగుల పైన ఉంటుంది, మేలోనైనా సాయంత్రం చలేస్తుంది. అమ్మకి శాలువా తీసుకెళ్ళు, ఫోటోలో చీర రంగు కనబడాలంటే ఆ ఒక్క నిమిషం తీయించు.

వాళ్ళని అంచుకి పంపకు. రెయిలింగ్‌కి పది అడుగులు ఇవతల నిలబెట్టి, నువ్వు ఇంకో ఇరవై అడుగులు వెనక్కొచ్చి ఫోన్లో రెండింతలో మూడింతలో జూమ్ పెట్టు. వాళ్ళు వాళ్ళంతే ఉంటారు, వెనక లోయ పెద్దదై దగ్గరకొస్తుంది. వెనక్కి నడిచేటప్పుడు ఫోన్ చూసుకుంటూ నడవకు. నాన్నగారికి బెంచీ దొరికితే కూర్చోబెట్టు, అమ్మని పక్కన నిలబెట్టి భుజం మీద చెయ్యి వేయించు. మా స్టూడియోలో పెళ్ళయి యాభై ఏళ్ళయినవాళ్ళకి అదే పోజు.

మా నాన్న స్టూడియో తెర గురించి చాలామంది అడిగారు కదా. రాజమండ్రి నుంచి సినిమా బ్యానర్లు రాసే ఆర్టిస్టు వచ్చి రాశాడు. మంచుకొండలు, సరస్సు, దేవదారు చెట్లు. చెయ్యి ఊరుకోక కుడి మూల ఒక కొబ్బరిచెట్టు కూడా వేశాడు. నాన్న చెరపనివ్వలేదు. కూర్చోబెట్టేటప్పుడు పొడుగువాళ్ళని ఆ పక్క నిలబెట్టి దాన్ని కప్పేసేవారు.

2006లో నాన్న వచ్చినప్పుడు టనెల్ వ్యూకి తీసుకెళ్ళాను. పొద్దున తొమ్మిది. కొండల్ని ఓ రెండు నిమిషాలు చూశారు. “తెర కింద మడత కనబడకుండా బాగా కట్టారే” అన్నారు. నేను కెమెరా తీసేలోపు ఆయన పక్కన లేరు. పిట్టగోడ దగ్గర స్పానిష్ మాట్లాడుకుంటున్న కుటుంబం ఒకటి ఫోటో దిగుతోంది, తొమ్మిదిమంది, ఎండ వాళ్ళ వెనకనుంచి వస్తోంది. మొహాలు నల్లగా పడతాయని నాన్నకి ఆగలేదు. వాళ్ళని సైగలతో పక్కకి జరిపి, పొట్టివాళ్ళని ముందుకు తెచ్చి, ముసలావిడని గోడ మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని దించుతున్నారు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు మూడు ముక్కలు, చిన్, స్మైల్, రెడీ. వాళ్ళది అయ్యాక ఇంకో జంట వచ్చి నిలబడింది, వాళ్ళ వెనక ఇంకొకరు. నలభై నిమిషాలు ఆ కొండల వైపు మళ్ళీ కన్నెత్తి చూడలేదు. మొదటి కుటుంబం పెద్దాయన ఐదు డాలర్ల నోటు తీసి ఇవ్వబోయాడు. నాన్న నోటు వైపు, తర్వాత నా వైపు చూశారు.

“కాపీలు ఎన్ని కావాలో కనుక్కో” అన్నారు.